గాయానికి దెయ్యం పేరు పెట్టకండి

పాడుబడిన ఆసుపత్రి, వరుస హత్యలు, ఎప్పుడో తగిలిన గాయం. ఇవన్నీ ఉన్న హారర్ సినిమా చూస్తే కాసేపు భయపడి మర్చిపోతాం. ‘సెషన్ 9’ను ఒక వైద్యుడి కళ్లతో చూస్తే మాత్రం అందులో మన ఇళ్లలో కనిపించే విషయాలు చాలానే ఉన్నాయి. అది చెప్పిన నిజమేమిటి, అబద్ధమేమిటి, అందులోంచి మన కుటుంబాలు తెలుసుకోవాల్సిందేమిటి?

‘సెషన్ 9’ పేరు మీలో చాలామంది విని ఉండరు. 2001లో వచ్చిన అమెరికన్ సినిమా. దర్శకుడు బ్రాడ్ ఆండర్సన్. పెద్దగా ఆడలేదు, మన దగ్గర దాని గురించి మాట్లాడుకున్నవారూ తక్కువే. ఇందులో తలుపులు కిర్రుమనడాలు, తెల్లచీర దెయ్యాలు ఉండవు. ఉన్నదంతా అలసిపోయిన ఓ మనిషి, అతని చుట్టూ పనిచేసే నలుగురు, ఒక ఖాళీ భవనం. చూడాలనుకునేవారికి ముందే ఓ మాట. ముగింపు చెప్పకుండా ఈ వ్యాసం సాగదు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో డాన్వర్స్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి గుట్ట మీద మూతబడిన పెద్ద మానసిక చికిత్సాలయం. దాన్ని మళ్లీ వాడుకలోకి తేవాలంటే ముందు గోడల్లో, పైపుల చుట్టూ ఉన్న ఆస్బెస్టాస్‌ను తొలగించాలి. ఆ కాంట్రాక్టు గోర్డన్ అనే వ్యక్తి తీసుకుంటాడు. అతనికి ఈ మధ్యే పాప పుట్టింది. చేతిలో డబ్బు లేదు. రెండు మూడు వారాలు పట్టే పనిని ఒక్క వారంలో చేస్తానని ఒప్పుకుంటాడు.

పని మధ్యలో మైక్ అనే కుర్రాడికి పాత టేపులు దొరుకుతాయి. మేరీ హాబ్స్ అనే రోగితో వైద్యుడు జరిపిన తొమ్మిది సంభాషణలవి. సినిమా పేరు అందులోంచే వచ్చింది. మేరీలో ఒకరికి మించి వ్యక్తులు మాట్లాడుతుంటారు. చిన్నతనంలో ఓ క్రిస్మస్ రాత్రి ఆమె ఇంట్లో జరిగిన ఘోరం ఒక్కో టేపుతో కొంచెం కొంచెంగా బయటపడుతుంది. అదే సమయంలో కూలీలు ఒక్కొక్కరుగా మాయమవుతుంటారు. చివరికి తెలిసేదేమిటంటే, చంపుతున్నది దెయ్యం కాదు, గోర్డనే. ఇంట్లో భార్య చేతిలోంచి మరిగే నీళ్లు పొరపాటున అతని మీద పడ్డాయి. ఆ క్షణంలో కట్టలు తెంచుకున్న కోపంతో భార్యను, పసిబిడ్డను చంపేశాడు. ఆ సంగతి తన మనసుకు తానే తెలియనివ్వకుండా రోజూ పనికి వస్తున్నాడు. భార్యతో ఫోనులో మాట్లాడుతున్నానని అనుకుంటున్నాడు.

ఆ ఊరి పాత లెక్క

సినిమాలోది కల్పిత కథ. ఊరు మాత్రం నిజం, ఆసుపత్రీ నిజం. సినిమాను ఆ భవనంలోనే తీశారు. ఆ ఊరికి ఇంకా పాత చరిత్ర ఒకటుంది. నేటి డాన్వర్స్ ఒకప్పటి సేలం గ్రామం. 1692లో అక్కడ కొందరు ఆడపిల్లలకు ఉన్నట్టుండి మూర్ఛల్లాంటివి వచ్చాయి. ఒళ్లు వంకర్లు తిరగడం, కేకలు వేయడం. ఇది దుష్టశక్తుల పనేనని పెద్దలు తేల్చారు. ఎవరు చేయించారో చెప్పమని పిల్లలను నిలదీశారు. వాళ్లు చెప్పిన పేర్లు పెరుగుతూ పోయాయి. 19 మందిని ఉరితీశారు. నేరం చేశానని గానీ, చేయలేదని గానీ చెప్పడానికి నిరాకరించిన ఓ ముసలాయనను బండరాళ్లు పేర్చి చంపారు. కొందరు జైల్లోనే పోయారు.

ఆ నిందలు వేసిన అమ్మాయిలలో కొందరి గతాన్ని చరిత్రకారులు తవ్వి చూశారు. మెయిన్ ప్రాంతపు సరిహద్దు యుద్ధాల్లో తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఊరు కాని ఊరికొచ్చి, ఒకరి ఇంట్లో పనిమనిషిగా బతుకుతున్నవారు వాళ్లలో ఉన్నారు. కళ్లెదుట ఇళ్లు తగలబడటం, మనుషులు చావడం చూసిన పిల్లలు. సేలంలో జరిగినదానికి భూతగాదాలు, మత విశ్వాసాలు, కక్షలు ఇలా చాలా కారణాలు చెబుతారు. అందులో ఇదీ ఒకటి. ఆ పిల్లల భయాన్ని ఎవరూ భయంగా చూడలేదు, మంత్రంగా చూశారు. ఫలితంగా అమాయకులు ఉరికొయ్యలెక్కారు.

మూడు శతాబ్దాలనాటి పరాయి దేశపు కథ మనకెందుకు అనుకోకండి. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు జబ్బుపడతారు, లేదా ఓ అమ్మాయి పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. వెంటనే ‘ఎవరో చేయించారు’ అన్న మాట పుడుతుంది. ఆ మాట చివరికి ఏ ఒంటరి వృద్ధురాలి మెడకో చుట్టుకుంటుంది. రోగం పేరు తప్పుగా పెడితే మందు తప్పుతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

సినిమా చెప్పిన నిజం

గోర్డన్ బృందం తొలగించేది ఆస్బెస్టాస్. వైద్యుడిగా నాకు ఇది చాలా సరైన ఎంపిక అనిపించింది. ఆస్బెస్టాస్ పోగులు కంటికి కనిపించనంత సన్నవి. పీల్చినప్పుడు నొప్పి ఉండదు, వెంటనే దగ్గూ రాదు. ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంటాయి. 20, 30, ఒక్కోసారి 40 ఏళ్ల తర్వాత ఆస్బెస్టోసిస్ గానో, మీసోథీలియోమా అనే క్యాన్సర్ గానో బయటపడతాయి. అప్పటికి ఆ పని మానేసి దశాబ్దాలై ఉంటుంది. మన దగ్గర ఇంకా చాలా ఇళ్ల మీద ఆస్బెస్టాస్ సిమెంటు రేకులున్నాయి. పని గట్టుకుని భయపడనక్కర్లేదు గానీ, వాటిని పొడిగా కోయడం, రంధ్రాలు వేయడం, పగలగొట్టి ఊడ్చడం మాత్రం చేయకండి.

చిన్నతనంలో మనసుకు తగిలిన దెబ్బ కూడా ఇలాగే పనిచేస్తుంది. దీన్ని లెక్కగట్టి చూపిన పెద్ద అధ్యయనం అమెరికాలోని శాన్ డియేగోలో జరిగింది. వైద్యులు విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా 17 వేలమందికి పైగా పెద్దవాళ్లను బాల్యం గురించి అడిగారు. కొట్టారా, లైంగికంగా వేధించారా, ఇంట్లో తాగుబోతులున్నారా, తల్లిని కొట్టడం చూశారా వంటి ప్రశ్నలు. ఫలితాలు 1998 నుంచి వెలువడ్డాయి. దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఇలాంటి చేదు అనుభవం కనీసం ఒకటి ఉంది. నాలుగు లేదా అంతకుమించి ఉన్నవారిలో మద్యం వ్యసనం, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం ముప్పు ఏమీ లేనివారికంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బుల వంటివీ వారిలో ఎక్కువే.

ఇందులో మాయ ఏమీ లేదు. ప్రమాదం ఎదురైనప్పుడు మెదడులోని అమిగ్డలా గంట మోగిస్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. ప్రమాదం దాటగానే ఇవి తగ్గాలి. రోజూ భయంలోనే పెరిగే పిల్లల్లో ఆ గంట ఆగదు. పెద్దయ్యాక చిన్న శబ్దానికీ, తలుపు గట్టిగా వేసినా, నాన్న గొంతు లాంటి గొంతు వినబడినా మళ్లీ మోగుతుంది. దీనికి తోడు ఆ బాధను మర్చిపోవడానికి పట్టుకున్న సిగరెట్టు, మందు, నిద్రలేమి తమ వంతు నష్టం చేస్తాయి.

ఓపీకి వచ్చే గాయం

ప్రభుత్వ ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీకి మానసిక గాయం ఎప్పుడూ ఆ పేరుతో రాదు. ‘గుండె దడగా ఉంటోంది సార్’ అంటూ వస్తుంది. ‘ఒళ్లంతా తిమ్మిర్లు’, ‘గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుంది’, ‘ఎన్ని మాత్రలు వేసుకున్నా గ్యాస్ తగ్గట్లేదు’, ‘తల పగిలిపోతోంది’ అంటూ వస్తుంది. ఈసీజీ తీస్తాం. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ చూస్తాం. ఇవి తప్పనిసరిగా చూడాలి, ఎందుకంటే దడకు థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. అన్నీ నార్మల్ వస్తే ఇంటివాళ్లు ‘ఏమీ లేదటగా, ఊరికే నాటకం’ అంటారు. దయచేసి ఆ మాట అనకండి. రిపోర్టులు నార్మల్ అంటే ఆ పరీక్షలు వెతికిన జబ్బు లేదని మాత్రమే అర్థం. బాధ లేదని కాదు.

ఆ దశలో ‘నిద్ర ఎలా ఉంది? ఇంట్లో అంతా బాగానే ఉందా? ఎప్పుడైనా మర్చిపోలేని సంఘటన ఏదైనా జరిగిందా?’ అని అడిగితే చాలాసార్లు అసలు రోగం అప్పుడు మొదలవుతుంది. రోడ్డు ప్రమాదంలో పక్కసీట్లోని అన్న పోవడం, పెళ్లయిన కొత్తలో పడ్డ దెబ్బలు, అప్పులవాళ్లు ఇంటిమీదికి రావడం, పదేళ్ల వయసులో దగ్గరి బంధువు చేసిన పని. ఏళ్ల తరబడి కక్కలేక మింగలేక ఉన్నవి.

సినిమా చెప్పిన అబద్ధం

ఇప్పుడు ‘సెషన్ 9’ తప్పుదారి పట్టించే చోటికి వద్దాం. గాయపడ్డ మనసులోకి ఏదో చెడు వచ్చి చేరుతుందని, అది చంపిస్తుందని సినిమా సూచిస్తుంది. తెర మీద భయం పుట్టించడానికి పనికొస్తుంది. నిజ జీవితంలో మాత్రం ఇది పెద్ద అన్యాయం.

చిన్నప్పుడు హింసకు గురైనవారిలో అత్యధికులు ఎవరినీ చంపరు, కొట్టరు. మానసిక రుగ్మతలున్నవారు హింస చేయడంకన్నా హింసకు బలికావడమే ఎక్కువ. తీవ్రమైన మానసిక జబ్బుకు చికిత్స లేకుండా పోవడం, దానికి మద్యం, మత్తు తోడవడం వంటి సందర్భాల్లో ముప్పు కొంత పెరిగే మాట నిజమే. అక్కడా పరిష్కారం చికిత్సే, వెలివేత కాదు.

మేరీకి ఉన్నట్టు చూపిన సమస్యను ఒకప్పుడు మల్టిపుల్ పర్సనాలిటీ అనేవారు. 1994 నుంచి డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటున్నారు. 2005లో మనల్ని ఊపేసిన ‘చంద్రముఖి’, ‘అపరిచితుడు’ రెండింటిలోనూ కథకు ఇరుసు ఇదే. అందుకే ఈ జబ్బు అంటే మన కళ్లముందు కదిలేది కత్తో, శిక్షలో. అసలు రోగులు అలా ఉండరు. చిన్నతనంలో పదేపదే భరించలేని హింస జరిగినప్పుడు, పారిపోయే దారి లేని పిల్లల మనసు ‘ఇది నాకు కాదు, ఇంకెవరికో జరుగుతోంది’ అని తనను తాను వేరుచేసుకుంటుంది. అది బతకడానికి దొరికిన ఉపాయం. పెద్దయ్యాక అదే జ్ఞాపకాల్లో ఖాళీలుగా, తాను తాను కానట్టు అనిపించడంగా మిగులుతుంది. వీళ్లు ఎక్కువగా హాని చేసుకునేది తమకు తామే. ఆత్మహత్యా ప్రయత్నాలు వీరిలో చాలా ఎక్కువ.

మన ఇళ్లలో డిసోసియేషన్ మరో రూపంలో తరచుగా కనిపిస్తుంది. పూనకాలు, ఉన్నట్టుండి గొంతు మారడం, పళ్లు కరిచిపెట్టి స్పృహ తప్పినట్టు పడిపోవడం. పండుగనాడు గుడిలో అందరిలాగే పూనకం వచ్చి, కాసేపటికి తగ్గి, ఆ మనిషి మామూలుగా ఉంటే అది జబ్బు కాదు. అదే ఇంట్లో, కాలేజీలో, పెళ్లిచూపుల ముందో పరీక్షల ముందో తన ప్రమేయం లేకుండా పదేపదే వస్తూ, బతుకును ఇబ్బంది పెడుతుంటే చికిత్స అవసరమని అర్థం. ముందు ఇది నిజమైన ఫిట్స్ కాదని వైద్యులు తేల్చాలి. తర్వాత ఆమె నోరు విప్పి చెప్పలేనిదేమిటో ఓపికగా వినేవారు కావాలి. వేపమండలతో కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం పాత గాయం మీద కొత్త గాయం.

అలసిన తండ్రిని ఎవరు చూశారు?

ఈ సినిమాలో నన్ను బాగా కలవరపెట్టింది హత్యలు కాదు. గోర్డన్‌కు ఒంట్లో బాగాలేదని తోటివాళ్లు గమనిస్తారు. తమలో తాము చర్చించుకుంటారు. కొత్తగా పుట్టిన బిడ్డ, నిద్ర లేదు, అప్పులు, అంతే అనుకుంటారు. పని ఆగకూడదన్న తొందర ముందు ఆ మాట పక్కకు పోతుంది.

కాన్పు తర్వాత తల్లికి డిప్రెషన్ రావచ్చని ఇప్పుడిప్పుడే మన కుటుంబాలకు తెలుస్తోంది. తండ్రికీ వస్తుందని చాలామందికి తెలియదు. వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, బిడ్డ కడుపులో ఉన్నప్పటి నుంచి పుట్టిన ఏడాదిలోపు సుమారు పదిమంది తండ్రుల్లో ఒకరిలో డిప్రెషన్ కనిపిస్తోంది. మగవాళ్లలో అది ఏడుపుగా బయటపడటం తక్కువ. చిరాకు, అర్థం లేని కోపం, ఇంటికి ఆలస్యంగా రావడం, తాగుడు పెరగడం, బిడ్డను ఎత్తుకోకపోవడం రూపంలో వస్తుంది. ‘మగాడివి, ఇంతమాత్రానికేనా’ అన్న ఒక్క మాట అతని నోరు పూర్తిగా మూయిస్తుంది.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. డిప్రెషన్ వచ్చిన తండ్రులు గోర్డన్‌లా మారరు. అలాగే జబ్బు ఉందన్న సాకు చెయ్యి చేసుకోవడాన్ని సమర్థించదు. ఇంట్లో ఒకసారి దెబ్బ పడిందంటే ‘అలసటలో కొట్టాడులే’ అని సర్దిచెప్పకండి. తల్లీబిడ్డలను ముందు సురక్షితమైన చోటికి చేర్చండి, అతనికి చికిత్స తర్వాత ఇప్పించవచ్చు. మహిళల కోసం 181 నంబరు ఉంది.

తల్లి విషయంలో ఒక ఎమర్జెన్సీ గుర్తుంచుకోండి. ప్రతి వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ వస్తుంది. రాత్రుళ్లు అసలు నిద్ర పట్టకపోవడం, పొంతన లేని మాటలు, ‘ఈ బిడ్డ నా బిడ్డ కాదు’ అనడం, ఎవరో చెవిలో చెబుతున్నారనడం దీని లక్షణాలు. బాలింతకు గాలి సోకిందని తాయెత్తు కోసం తిరిగే సమయం కాదది. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బిడ్డతో ఆమెను ఒంటరిగా వదలకూడదు. సరైన చికిత్స అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

జ్ఞాపకాన్ని తవ్వితే...

సినిమాలో మైక్ మరో కథ చెబుతాడు. ఓ అమ్మాయి చికిత్సలో ఉండగా తన కుటుంబం చేసిన ఘోరాలు ‘గుర్తొచ్చాయి’ అంటుంది. చివరికి అవి జరగలేదని తేలుతుంది. 1980లలో అమెరికాలో ఇలాంటి కేసులు నిజంగానే గుప్పుమన్నాయి. హిప్నాసిస్ చేసి, పదేపదే అడిగి రాబట్టిన జ్ఞాపకాల ఆధారంగా ఎన్నో కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. జ్ఞాపకం వీడియో రికార్డింగ్ కాదని, అడిగే తీరును బట్టి మారుతుందని ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వవేత్త ప్రయోగాలు చేసి చూపించారు. 1995లో ప్రచురించిన ఓ చిన్న ప్రయోగంలో 24 మందికి ‘చిన్నప్పుడు నువ్వు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావు’ అనే జరగని సంఘటనను ఇంటివాళ్లు చెప్పినట్టుగా చెబితే, సుమారు నాలుగో వంతు మంది కొంతైనా గుర్తుందన్నారు.

దీన్నిబట్టి ‘పిల్లలు అబద్ధాలు చెబుతారు’ అన్న నిర్ణయానికి రాకండి. నిజంగా వేధింపులకు గురై నోరు విప్పని పిల్లలే చాలా ఎక్కువ. మనం నేర్చుకోవాల్సింది అడిగే పద్ధతి. మీ పిల్లలు ఇబ్బందికరమైన విషయం ఏదైనా చెప్పబోతే ‘ఆ అంకులే కదా? ఇక్కడే కదా?’ అని మాటలు అందించకండి. ‘ఏం జరిగిందో చెప్పు నాన్నా, వింటున్నా’ అనండి, అంతే. పదిమంది ముందు పదిసార్లు చెప్పించకండి. ‘నువ్వు చెప్పింది మంచి పని, ఇందులో నీ తప్పేమీ లేదు’ అన్న మాట ముందు చెప్పండి. చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇలాంటి నేరం తెలిసినవారు ఫిర్యాదు చేయాల్సిందే. పరువు పేరుతో దాచిపెట్టడం నేరస్తుడికి చేసే సాయం.

గొలుసుల నుంచి చట్టం దాకా

డాన్వర్స్ ఆసుపత్రి 1878లో మంచి ఉద్దేశంతో మొదలైంది. గాలి, వెలుతురు, తోటపని మనసుకు మందని నమ్మి కట్టారు. సుమారు 500 మంది కోసం కట్టిన చోట 1930ల చివరికి రెండు వేలమందికి పైగా చేరారు. సిబ్బంది చాలక కట్టిపడేయడం, తర్వాత లోబోటమీ పేరిట మెదడు నరాలను కోయడం వంటివి ఆ కాలపు ఇలాంటి ఆసుపత్రులన్నింటి మీదా పడ్డ మచ్చ. 1950లలో క్లోర్‌ప్రొమజిన్ వంటి మందులు వచ్చాక రోగులు ఇళ్లకు వెళ్లడం మొదలైంది. డాన్వర్స్ ఆసుపత్రి 1992లో మూతబడింది. చనిపోయిన రోగులను పూడ్చిన చోట పేర్లు లేవు, అంకెలున్న చిన్న రాళ్లే ఉండేవి. తర్వాత ఆ ఆసుపత్రిలో ఒకప్పుడు రోగులుగా ఉన్నవారే పూనుకుని, రికార్డులు వెతికి, ఆ అంకెలకు పేర్లు తిరిగి రాయించారు.

ఈ సినిమా విడుదలైన 2001 ఆగస్టులోనే మన పొరుగున తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు రేగాయి. దర్గా దగ్గర నయమవుతుందని కుటుంబాలు వదిలివెళ్లిన రోగులు ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉన్నారు. పారిపోలేక 28 మంది కాలిపోయారు. సుప్రీంకోర్టు దాన్ని తనకు తానుగా విచారణకు తీసుకుంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మానసిక చికిత్సకు కూడా ఇతర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలంది.

చట్టం మారింది. మన నోళ్లు ఇంకా మారాలి. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని మనం నవ్వుతూ అనే మాట వల్ల, నిజంగా అక్కడికి వెళ్లాల్సినవారు వెళ్లకుండా ఆగిపోతున్నారు. నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో వందకు పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు.

దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో

ప్రమాదం, అగ్నిప్రమాదం, ఆత్మీయుల ఆత్మహత్య, దాడి వంటివి చూసినవారికి మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, అదే కళ్లముందు కదలడం, ఉలికిపాటు సహజం. చాలామంది వాటంతటవే కోలుకుంటారు. ఆ సమయంలో మీరు చేయగలిగినవి:

• పక్కన ఉండండి. తిండి, నీళ్లు, నిద్ర, ఫోన్లు, కాగితాల పని చూసుకోండి.
• చెబితే వినండి. చెప్పకపోతే ‘అంతా చెప్పేయ్, తేలికవుతుంది’ అని బలవంతం చేయకండి.
• ‘అంతా మన మంచికే’, ‘నీకంటే కష్టాలు పడ్డవాళ్లు లేరా’ వంటి మాటలు వద్దు. ‘నీకు చాలా కష్టంగా ఉంది కదా, నేనున్నాను’ చాలు.
• నిద్ర కోసం మందు తాగించకండి. మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రజోలం వంటి మాత్రలు వేయకండి. అవి గాయాన్ని మాన్పవు, అలవాటు చేస్తాయి, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు.
• పిల్లలను వీలైనంత త్వరగా బడికి, ఆటలకు, రోజువారీ అలవాట్లకు తీసుకురండి. టీవీలో ఆ దృశ్యాలు మళ్లీ మళ్లీ చూడనివ్వకండి.

ఎప్పుడు వైద్యులను కలవాలి?

నెల దాటినా పీడకలలు, ఆ చోటికి వెళ్లలేకపోవడం, అతిగా ఉలిక్కిపడటం, మనుషులంటే మొద్దుబారినట్టు ఉండటం తగ్గకపోతే అది పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే పీటీఎస్‌డీ కావచ్చు. వైద్యశాస్త్రం 1980లో దీనికి ఈ పేరు పెట్టింది. అంతకుముందు దీన్ని పిరికితనం అనేవారు.

కిందివాటిలో ఏ ఒక్కటి కనిపించినా నెల ఆగకండి, వెంటనే కదలండి:

• చనిపోవాలని ఉందనడం, వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడటం.
• తనకో, ఇతరులకో హాని చేస్తానని అనడం, అందుకు ఏర్పాట్లు చేసుకోవడం.
• ఎవరూ లేకుండా గొంతులు వినబడటం, ఎవరో చంపడానికి వస్తున్నారన్న గట్టి నమ్మకం.
• తాను చేసిన పనులు, గడిచిన గంటలు గుర్తులేకపోవడం. దీనికి మెదడు జబ్బులూ కారణం కావచ్చు కాబట్టి పరీక్ష తప్పనిసరి.
• కోపం వచ్చినప్పుడు చెయ్యి అదుపులో ఉండటం లేదని ఆ వ్యక్తే స్వయంగా ఒప్పుకోవడం. అలా చెప్పినవారిని తిట్టకండి. సాయం అడగడం అదే.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. సైకియాట్రీ అన్న బోర్డు ముందు నిలబడటానికి బిడియమైతే ముందు జనరల్ మెడిసిన్ ఓపీకే రండి. దారి మేం చూపిస్తాం.

చికిత్స ఎలా ఉంటుంది?

గతాన్ని మర్చిపోయేలా చేసే మందు లేదు. అలాంటిది అవసరమూ లేదు. శిక్షణ పొందిన నిపుణులు ట్రామా ఫోకస్డ్ సీబీటీ, ఈఎండీఆర్ వంటి పద్ధతుల్లో, సురక్షితమైన చోట, ఆ వ్యక్తి తట్టుకోగలిగిన మేరకే ఆ సంఘటనను తాకుతారు. మనసు నెమ్మదిగా ‘అది అప్పుడు జరిగింది, ఇప్పుడు జరగడం లేదు’ అని నేర్చుకుంటుంది. సాధారణంగా కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. బాల్యం నుంచి ఉన్న లోతైన గాయాలకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు తోడ్పడతాయి. ఇవి మత్తుమందులు కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి నాలుగు రోజులకే ఆపేయకండి. మానేటప్పుడు కూడా వైద్యులు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి.

ఇక ఇలాంటి సినిమాలు చూడొచ్చా అని అడిగేవారికి ఒక్క మాట. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు హారర్ సినిమా వల్ల జబ్బు రాదు. పిల్లలకు, ఈ మధ్యే ప్రమాదమో చావో చూసినవారికి, కొత్త తల్లిదండ్రులకు మాత్రం వద్దు. చూస్తుండగా గుండె దడ, చెమటలు పట్టి, తన పాత సంఘటన కళ్లముందు కదిలితే ఆపేయడం పిరికితనం కాదు.

‘సెషన్ 9’లో వైద్యుడు తొమ్మిది టేపుల నిండా మేరీ మాటలు విన్నాడు. గోర్డన్ పక్కన మాత్రం వారం రోజులు నలుగురు మనుషులున్నా, ‘ఇంట్లో అసలేం జరిగింది?’ అని కూర్చోబెట్టి అతని చేత చెప్పించినవారు లేరు. ఈ వారం మీ ఇంట్లోనో, ఆఫీసులోనో ఈ మధ్య మాటలు తగ్గించేసిన మనిషి ఎవరున్నారో ఒకసారి చూడండి. టీ గ్లాసు చేతికిచ్చి, ఫోన్ పక్కన పెట్టి, ‘నిద్ర పడుతోందా?’ అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.